పార్లర్ గీత గడ్డం

మధ్యాహ్నం రెండున్నరకి గీతాంజలి తన పార్లర్ షట్టర్ సగం దించేది. భోజనానికని వీధిలో అందరూ అనుకునేవాళ్లు. భోజనం ఒంటిగంటకే అయిపోయేది. ఆ అరగంటా గడ్డం కోసం.

హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురలో ఆ సందులో ఉన్న ఆడవాళ్ల కనుబొమ్మలన్నీ తొమ్మిదేళ్లుగా గీతాంజలి చేతి మీదుగా వెళ్లినవే. ఆమె మెట్టినిల్లు పాలవాళ్ల ఇల్లు. వెనక కొట్టంలో ఇంకా మూడు బర్రెలున్నాయి. ముందు గదిలో ఒకప్పుడు తవుడు బస్తాలుండేవి. పెళ్లయి వచ్చిన రెండో ఏడు ఆ బస్తాలు తీయించి, రెండు అద్దాలు బిగించి, ఒక తిరిగే కుర్చీ వేయించి పార్లర్ పెట్టింది. దారం ఒక కొస పళ్ల మధ్య బిగించి, రెండో కొస వేళ్లకు చుట్టి టకటకా లాగిందంటే ఎంత మొండి వెంట్రుకైనా ఊడి రావలసిందే. ఎవరి ముఖమైనా పావుగంటలో నున్నగా చేసి పంపేది, తన ముఖం ఒక్కటి తప్ప. తన గడ్డం కింద తనే దారం ఆడించుకోవడం ఎంత ప్రయత్నించినా కుదరలేదు. అందుకని చిన్న పట్టుకారు, భూతద్దం లాంటి అద్దం, వాటితో పని తెమలని రోజు మొగుడి రేజర్.

అక్కడే ఆమెకు తన మీద తనకే నవ్వొచ్చేది. వచ్చిన ప్రతి పిల్లకూ "రేజర్ మాత్రం పెట్టకు బిడ్డా, ముఖం పాడైతది" అని గంట సేపు చెప్పి పంపేది. వాళ్లు సందు మలుపు తిరగ్గానే తను లోపలికెళ్లి సబ్బు నురగ కలుపుకునేది.

ఆమె భర్త అంజన్ పొద్దున్నే హోటళ్లకు పాలు పోసి వచ్చి గడ్డం గీసుకునే మనిషి. ఒకరోజు పొద్దున కుదరక, మధ్యాహ్నం మూడింటికి అద్దం ముందు నిలబడి అరిచాడు. "ఏందే గీతా, మొన్ననే కొత్త బ్లేడు పెట్టిన, ఇయ్యాల కోస్తనే లేదు. ఎవలు వాడుతున్నరు?"

"నేనే వాడిన. కాళ్లకు."

అంజన్ ఆమె వైపు చూశాడు. "కాళ్లకైతే చెవి కింద నురగెందుకున్నది?"

ఆమె గబుక్కున కొంగుతో చెవి తుడుచుకుంది. మర్నాడు పొద్దున అద్దం దగ్గర రెండు రేజర్లు కనిపించాయి, ఒకటి నీలం, ఒకటి గులాబీ. గులాబీది ఎవరిదో ఇద్దరూ మాట్లాడుకోలేదు. వాళ్ల కూతురు మాన్యకు మాత్రం అంత మొహమాటం లేదు. ఆరేళ్ల పిల్ల. స్కూలుకు పోతూ ముద్దు పెట్టించుకుని చెంప రుద్దుకుంటూ, "అమ్మా, నీ ముద్దు గూడ డాడీ ముద్దు లెక్కనే గుచ్చుతది" అనేసింది. గీతాంజలి ఆ మాట తనే పదిమంది కస్టమర్లకు చెప్పి పడీ పడీ నవ్వించింది. ఎవరైనా అనకముందే తనే అనేసుకుంటే సగం నొప్పి తగ్గుతుందని ఆమె నమ్మకం. లావును గురించి కూడా అంతే. కుర్చీలో కూర్చోబోతూ, "జరుగుండ్రి, లారీ వస్తుంది" అనేది. ఎనభై రెండు కిలోల లారీ.

గడ్డం ఒక్కటే కాదు సంగతి. పదమూడో ఏట పెద్దమనిషి అయిన దగ్గర్నుంచీ నెలసరి ఆమెకు నెలనెలా రాలేదు. రెండు నెలలకో, నాలుగు నెలలకో, ఒక్కోసారి ఆరు నెలలకో వచ్చేది. పెళ్లయ్యాక నాలుగేళ్లు పిల్లలు లేరు. ఐదో ఏట ఏ మందూ మాకూ లేకుండా మాన్య కడుపున పడింది. అంతటితో అందరి అనుమానాలూ పోయాయి, ఆమెవి కూడా. పిల్ల పుట్టాక ఇక రోగమేముంటుంది? మెడ చుట్టూ నల్లగా మందంగా ఒక పట్టీలా వచ్చింది. అత్త పుష్పమ్మ దాన్ని మట్టి అనుకుని, ప్రతి ఆదివారం కోడల్ని పీట మీద కూర్చోబెట్టి సెనగపిండీ మీగడా కలిపి బర్రెను తోమినట్టు తోమేది. మెడ ఎర్రబడేది కానీ నలుపు పోలేదు. "ఏం మట్టే ఇది, ఇడుస్తలేదు" అని ఆవిడ ఆశ్చర్యపోయేది.

నెలసరి రాకపోవడాన్ని గీతాంజలి ఒక వరంగానే చూసుకుంది. చుట్టాల్లో ఎవరింట్లో వ్రతమైనా, ప్రసాదాలు వండాలన్నా, పెళ్లిలో పసుపు దంచాలన్నా ఫోను ఆమెకే వచ్చేది. మిగతా ఆడవాళ్లంతా తేదీలు లెక్కేసుకుని రాగాలు తీస్తుంటే, "గీత ఉన్నది గద, ఆమెకు ఎన్నడు అడ్డం ఉండదు" అనేవాళ్లు. మూడేళ్లుగా ఆషాఢంలో అమ్మవారికి ఆ ఇంటి బోనం ఎత్తేది కూడా ఆమే. తనకు దేవుడిచ్చిన ప్రత్యేక అర్హత ఇదేనేమో అని ఆమె గొప్పగా చెప్పుకునేది. పదో తరగతిలో సోషల్ తప్పిన మనిషికి ఇంకో అర్హత ఎక్కడ దొరుకుతుంది?

ఆ ఏడు మాఘంలో ఒక మధ్యాహ్నం రమాబాయి తన కూతుర్ని వెంటబెట్టుకుని పార్లర్‌కు వచ్చింది. నాలుగిళ్ల అవతల ఉంటారు వాళ్లు. తాతల కాలం నుంచీ గుడి సేవలో ఉన్న కుటుంబం, మాట పొదుపు, మర్యాద ఎక్కువ. కూతురు అభిజ్ఞకు పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం. కరోనా పోయి ఎన్నేళ్లయినా ఆ పిల్ల ముఖం మీది మాస్కు పోలేదు.

"పెదవి పైన జరంత తియ్యాలె గీతా. ఎల్లుండి మా మరిది కొడుకు నిశ్చితార్థం" అంది రమాబాయి మెల్లగా.

అభిజ్ఞ మాస్కు తీసింది. పై పెదవి మీద నూనూగు మీసం, గడ్డం కింద పది పదిహేను నల్లటి వెంట్రుకలు, చెంపల నిండా మొటిమలు. తల వెనక్కి వాల్చగానే మెడ దగ్గర ఆ నల్లటి పట్టీ కనిపించింది. గీతాంజలికి అద్దంలో తన పాత ఫోటో చూసినట్టయింది. దారం నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది.

"డేటు ఎప్పుడొచ్చింది బిడ్డా?"

పిల్ల తల్లి వైపు చూసింది. "దసరాకు, ఆంటీ."

"దసరాకా! నాలుగు నెలలైతుంది గద. రమాబాయమ్మా, ఇది దారంతోని పోయేది కాదు. లోపల హార్మోన్ల లొల్లి ఉంటది. ఒక్కసారి లేడీ డాక్టర్‌కు చూపించుండ్రి." పార్లర్ కోర్సులో ఒక పూట చెప్పిన పాఠం అది. తనకు తప్ప అందరికీ చెప్పడం ఆమెకు అలవాటే.

అభిజ్ఞ అద్దంలోంచి ఆమెనే చూస్తోంది. కుర్చీ మీదకు వంగి ఉన్న గీతాంజలి గడ్డం కింద, ఆ రోజు పట్టుకారుకు చిక్కకుండా మిగిలిన రెండు వెంట్రుకలు ఆ పిల్లకు బాగా దగ్గర్లోనే ఉన్నాయి.

"మీకు కూడ ఉన్నయి గద ఆంటీ. మీరు చూపించుకున్నరా?"

ఎగతాళిగా అడగలేదు ఆ పిల్ల. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. గీతాంజలి దగ్గర ఎన్ని జోకులుండేవో! ఆ క్షణంలో ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది అబద్ధం.

"ఆ, ఎప్పుడో చూపించుకున్న. అంత నార్మలే అన్నరు. కొందరి ఒంటి తీరే గంత అని చెప్పిండ్రు."

రమాబాయి ముఖం వికసించింది. "అట్లనా! నేను ఊకె పరేషాన్ అయితున్న. నీకు కూడ గిట్లనే ఉండి, పిల్ల పుట్టి, మంచిగనే ఉన్నవ్ గద. ఇంకేం ఫికర్ లేదు."

దారం పని అయిపోయింది. తల్లీకూతుళ్లు వెళ్లిపోయారు. వెళ్తూ పిల్ల మళ్లీ మాస్కు పెట్టుకుంది. అబద్ధం ఆడిన పది నిమిషాలకు గీతాంజలి టీ తాగుతూ, అంతా సర్దుకుంటుందిలే అని తనకు తనే చెప్పుకుంది. ఆ తర్వాత మరిచిపోయింది కూడా.

ఆషాఢం వచ్చింది. బోనాల ఆదివారం పొద్దున పది గంటలకు గీతాంజలి పట్టుచీర కట్టుకుని, పసుపు పూసిన బోనం నెత్తిన పెట్టుకుని, పైన దీపంతో, వేపరెమ్మలతో గుడి లైన్లో నిలబడింది. వెనకాల పుష్పమ్మ అమ్మవారికి పోసే పసుపునీళ్ల సాక కుండ పట్టుకుని ఉంది. డప్పుల మోతకు చెవులు గింగురుమంటున్నాయి. గుడి మెట్లు ఇంకా ముప్ఫై అడుగుల దూరంలో ఉన్నాయనగా, గీతాంజలికి ఒంట్లో ఏదో తెగినట్టయింది. వెచ్చగా కాళ్ల మీదుగా దిగింది. ఏడు నెలలుగా జాడలేనిది ఆ లైన్లో, ఆ చీరలో, ఆ ముహూర్తానికే రావాలా అని ఆమెకు ముందు నవ్వొచ్చింది. రెండో క్షణంలో కళ్లు తిరిగాయి.

"అత్తమ్మా, బయటైన" అంది వెనక్కి తిరక్కుండానే.

పుష్పమ్మ ఒక్క చూపు కిందికి చూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అప్పుడే మూతులు తిప్పుకోవడం మొదలుపెట్టారు. పుష్పమ్మ సాక కుండ పక్కామె చేతిలో పెట్టేసింది.

"అయితే అయినవ్ గని, దీపం ఆరకుండ ఇటియ్యి. తల్లికి తెల్వదా ఏంది ఆడోళ్ల సంగతి? ఇగ నువ్వు ఇంటికి పో."

ఆవిడ తన డెబ్బై ఏళ్ల నెత్తి మీదకు బోనం ఎత్తుకుని ముందుకు నడిచింది. గీతాంజలి కొంగు నడుముకు చుట్టుకుని సందుల గుండా ఇంటికొచ్చింది.

అయిదు రోజుల్లో ఆగుతుందనుకుంది. ఆగలేదు. వారం, పది రోజులు, పదిహేను రోజులు. ఏడు నెలల బాకీ ఒకేసారి వసూలవుతోందని అంజన్‌తో నవ్వుతూనే చెప్పింది. స్టూలు మీద తువ్వాలు నాలుగు మడతలు వేసుకుని పార్లర్ నడిపింది. మెట్లెక్కితే ఆయాసం, లేస్తే చీకట్లు. "డాక్టర్ దగ్గరికి పోదాం పా" అని అంజన్ రోజూ అనేవాడు. "రేపు" అనేది. పదిహేడో రోజు ఒక కస్టమర్‌కు కనుబొమ్మలు చేస్తోంది. ఎడమది అయింది. కుడి దానికి దారం పెట్టి లాగబోతూ అలాగే ఒరిగిపోయింది. ఒంటి కనుబొమ్మతోనే ఆ కస్టమర్ బయటికి పరిగెత్తి ఆటో ఆపింది. ఆ రెండో కనుబొమ్మ తొమ్మిది రోజుల తర్వాత చేసింది గీతాంజలి, ఉచితంగా.

పురానాపూల్ దగ్గర ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాడు అంజన్. అక్కడి లేడీ డాక్టర్ పేరు అమల. యాభై ఏళ్ల మనిషి, కళ్లజోడు మెడకు వేలాడుతూ ఉంటుంది. హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయిందని చూసి సెలైన్ పెట్టించింది, రక్తం ఎక్కించింది, బ్లీడింగ్ ఆగేందుకు మందు ఇచ్చింది. రెండో రోజు స్కాన్ కాగితాలు చేతిలో పట్టుకుని మంచం పక్కన కూర్చుంది.

"నెలసరి ఎప్పటినుంచి తప్పుతుంది?"

"పదమూడేండ్ల నుంచి మేడం."

"పదమూడేళ్లుగానా?"

"కాదు. నాకు పదమూడేండ్లున్నప్పటి సంది."

డాక్టర్ కాగితం మీద లెక్క వేసింది. "అంటే ఇరవై ఒక్క సంవత్సరాలు. ఎవరికీ చూపించుకోలేదా?"

"పాప పుట్టింది గద మేడం. ఇంకేం రోగముంటది అనుకున్న."

"అందరు అదే అనుకుంటరు. పిల్లలు పుట్టకపోతేనే జబ్బు, పుడితే జబ్బు లేనట్టే అని. దీన్ని పీసీఓఎస్ అంటరు గీతాంజలీ. ఇది ఒక్క పిల్లల సంగతి కాదు."

"గర్భసంచిల నీటి బుడగలు అంటరు, అదేనా? వాటిని పగలగొడ్తరా?"

"అవి బుడగలూ కావు, గర్భసంచిల ఉండవు, పగలగొట్టేదీ లేదు. అండాశయంల ప్రతి నెల ఒక అండం పెరిగి బయటికి రావాలె. నీకు చాలా మొదలైతయి, కాని ఏదీ పూర్తిగ పెరగదు. సగంల ఆగి అక్కడనే ఉంటయి. స్కాన్‌ల అవే కనపడేది."

"మా ఇంట్ల నేను మొదలుపెట్టే పనులన్నీ గంతే మేడం" అంది గీతాంజలి. డాక్టర్ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆమె గడ్డం, మెడ పరీక్షగా చూసింది. మగవాళ్లలో ఎక్కువుండే హార్మోను ఆమెలో ఉండవలసిన దానికంటే కాస్త ఎక్కువుందని, గడ్డం అందుకేనని చెప్పింది. మెడ మీది నలుపు మట్టి కాదంది. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక, ఇంకా ఇంకా ఎక్కువ తయారవుతోందని చెప్పడానికి అదొక గుర్తు. అందుకే ఒళ్లు పెరగడం తేలిక, తగ్గడం కష్టం. షుగరు జబ్బు ఇంకా రాలేదు కానీ, అందుకే అది కూడా గీత మీదే నిలబడి ఉంది.

"పేరే గీత కదా మేడం, యాడ నిలబడ్తది మరి."

ఈసారి డాక్టర్ నవ్వలేదు. "ఇంకో సంగతి. గర్భసంచి లోపల పొర నెలనెలా ఊడి బయటికి రావాలె. నీకు నెలలకు నెలలు ఊడకుండ లోపలనే పేరుకున్నది. బాగా మందమైంది. ఏండ్లకేండ్లు గట్లనే ఉంటే అందుల చెడు మార్పు రావొచ్చు. అందుకని కొంచెం తీసి పరీక్షకు పంపుదం."

"క్యాన్సరా?" అన్నాడు అంజన్. అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"అది కాదని తెలుసుకోనీకే" అంది డాక్టర్ అమల. "వారంల రిపోర్టు వస్తది."

ఆ వారం గీతాంజలి ఇంట్లోనే ఉంది. తన మీద తను వేసుకునే జోకులన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీసి చూసుకుంది. లారీ జోకు, రేజర్ జోకు, ఎన్నడూ అడ్డం రాని గీత జోకు. ఎవరో అడగబోయే ప్రశ్నకు అడ్డంగా పెట్టిన పరదాలే అన్నీ. నవ్వించి పంపేసింది అందరినీ. చివరికి తనను తను కూడా నవ్వించుకుని పంపేసింది. మూడో రోజు పొద్దున మాన్యను ముందు కూర్చోబెట్టుకుని, తన జడ తనే ఎలా వేసుకోవాలో నేర్పడం మొదలుపెట్టింది. మూడు పాయలూ వంకరటింకరగా పోతుంటే, "మళ్ల వెయ్యి, మళ్ల వెయ్యి" అంటోంది.

"నువ్వున్నవ్ గదమ్మా, నేనెందుకు ఏసుకోవాలె?" అంది పిల్ల విసుగ్గా.

గీతాంజలి లేచి వంటింట్లోకి వెళ్లి, ఖాళీ గిన్నె మీద నీళ్లు వదిలి ఏడ్చింది. పుష్పమ్మ గుమ్మంలోంచి చూసి, వచ్చి నల్లా కట్టేసింది. "నీళ్లెందుకు పాడు చేస్తవ్, ఏడ్చేదుంటే ఊకెనే ఏడువు" అంది. వీపు మీద చెయ్యి వేసి అక్కడే నిలబడింది.

ఆ ఏడుపులోనే ఆమెకు అభిజ్ఞ గుర్తుకొచ్చింది. అద్దంలోంచి చూసిన ఆ చూపు, తను చెప్పిన అబద్ధం.

రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. పొర మందంగా ఉంది కానీ కణాల్లో చెడు మార్పు లేదని, మందులతో సర్దుకుంటుందని, ఆరు నెలలకు మళ్లీ చూద్దామని డాక్టర్ చెప్పింది. నెలనెలా పొర ఊడేందుకు మాత్రలు, ఇన్సులిన్ సరిగా పనిచేసేందుకు ఇంకో మాత్ర, రోజూ అరగంటకు తగ్గకుండా నడక. బరువు పది కిలోలు తగ్గితే మంచిది, అయిదు తగ్గినా లాభమే. అంజన్ ఆసుపత్రి బయట నిలబడి రెండు నిమిషాలు ఎటో చూసి, ముక్కు చీదుకుని స్కూటర్ స్టార్ట్ చేశాడు.

మర్నాడు పొద్దున్నే గీతాంజలి రమాబాయి ఇంటికి వెళ్లింది. రమాబాయి పూలు కడుతోంది. అభిజ్ఞ లోపలి గదిలో పుస్తకం పట్టుకుని ఉంది.

"రమాబాయమ్మా, ఒక మాట చెప్పనీకి వచ్చిన. ఆ రోజు పిల్ల అడిగింది గద, చూపించుకున్నవా అని. చూపించుకున్న అని చెప్పిన. అబద్ధం. ఎన్నడు ఏ డాక్టర్ ముఖం చూడలే."

రమాబాయి చేతిలో దారం ఆగింది. "ఎందుకు చెప్పినవట్ల?"

"సిగ్గయి చెప్పిన. పార్లర్ పెట్టుకొని, నాకే గడ్డముందని ఒప్పుకోనీకి సిగ్గయింది." తర్వాత జరిగినదంతా చెప్పింది, బోనం, రక్తం, వారం రోజుల భయం.

రమాబాయి సగం కట్టిన దండ ఒళ్లోకి జారవిడిచింది. "నీ మాట పట్టుకొని ఇన్ని నెలలు ఊకున్న నేను. పిల్లకు అప్పటి సంది రెండేసార్లు డేటొచ్చింది. కాలేజీకి పోనంటది, పోతే మాస్కు తియ్యదు, అన్నం తినదు. నీకేంది, నవ్వుకుంట చెప్పి పంపినవ్."

"తిట్టుండ్రి. తిట్టనీకే వచ్చిన."

"తిడితే ఏమొస్తది?" రమాబాయి పూలు పక్కన పెట్టింది. గొంతు తగ్గించింది. "పెండ్లి గాని పిల్లను గట్లాంటి డాక్టర్ దగ్గరికి తీస్కపోతే ఎవలన్న చూస్తే ఏమనుకుంటరు గీతా? వాళ్ల నాన్నకు కూడ ఇదే భయం."

గీతాంజలి ఆమె దగ్గరికి జరిగింది. "ఒక పని చేద్దాం. మనం ముగ్గురం పోదాం. ఎవలన్న అడిగితే, పార్లర్ గీతకు పానం మంచిగ లేదు, తోడు పోతున్నం అని చెప్పుండ్రి. నా సంగతి ఇప్పుడు గౌలిపుర అంత తెలుసు. లైన్ల నిలబడి ఏమైందో కూడ తెలుసు. ఇగ నా ఇజ్జత్‌కు పోయేదేమున్నది, మీరు వాడుకోండ్రి."

గుమ్మం దగ్గర అభిజ్ఞ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆ పిల్ల పెదవుల మీద నవ్వొకటి కనిపించి మాయమైంది.

డాక్టర్ అమల అభిజ్ఞతో అరగంట మాట్లాడింది. స్కాన్ అక్కర్లేదంది. పెద్దమనిషి అయి నాలుగేళ్లే కాబట్టి, ఈ వయసులో స్కాన్ చూసి జబ్బు పేరు పెట్టడం సరికాదని చెప్పింది. రక్త పరీక్షలు చేయించింది. థైరాయిడ్ బాగానే ఉంది. మగ హార్మోను కొంచెం ఎక్కువుంది. మందులు రాసి, తిండి, నిద్ర, ఆట గురించి చెప్పి, ప్రతి మూడు నెలలకూ రమ్మంది. "నువ్వేం తప్పు చెయ్యలేదు, నీకేం శాపం లేదు. ఇది పూర్తిగ పోయేది కాదు గని, చెప్పుచేతుల్ల పెట్టుకోవచ్చు" అంది.

"మేడం, దారంతోని తీస్తే ఇంకా ఎక్కువ వస్తయా?"

"రావు. తీసుకునుడు, తీసుకోకపోవుడు నీ ఇష్టం."

"హమ్మయ్య, నా దుకాణం బతికింది" అంది మూలన కూర్చున్న గీతాంజలి. రమాబాయి మొదటిసారి గట్టిగా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాతంతా సాఫీగా సాగిందని చెప్పడానికి లేదు. పుష్పమ్మతో పెద్ద యుద్ధమే జరిగింది. గ్లాసు నిండా చక్కెర పోసిన చిక్కటి పాలు వద్దంటే, పాలవాళ్ల ఇంట్లో పాలు వద్దనే కోడలు ఎట్లా దొరికిందని ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నుంచి పలచటి మజ్జిగ ఇవ్వడం మొదలుపెట్టింది. మాత్రలకు మొదట్లో వాంతులొచ్చేవి. నడక మొదలుపెట్టిన రోజు గీతాంజలీ అభిజ్ఞా సరిగ్గా ఇరవై నిమిషాలు నడిచి, మలుపులో వేడివేడి మిర్చీ బజ్జీలు కనిపించి, చెరి నాలుగు తిని ఆటోలో వెనక్కొచ్చారు. "ఎంత తగ్గిండ్రు?" అని అంజన్ అడిగితే, "ఆటో ఎక్కేటప్పుడు డ్రైవర్ ముఖం చూస్తే పెరిగినట్టే ఉన్నం" అంది గీతాంజలి.

అయినా మానలేదు. ఆరు నెలల్లో గీతాంజలి అయిదు కిలోలు తగ్గింది. నెలసరి నెలనెలా వచ్చింది, ఒకసారి సరిగ్గా ఒక గృహప్రవేశానికి ప్రసాదం వండాల్సిన రోజునే వచ్చింది. "నాకు అడ్డమున్నది, ఇంకెవలినన్న పిలుసుకోండ్రి" అని ఫోనులో చెబుతుంటే ఆమె గొంతులో గర్వమే వినిపించింది. రెండోసారి చేసిన పరీక్షలో పొర మామూలుగా ఉంది. షుగరు కొంచెం వెనక్కి తగ్గింది. గడ్డం మాత్రం ఎవరి మాటా వినలేదు. కాస్త పలచబడిందని అంజన్ అంటాడు. అతని మాట నమ్మడానికి లేదు, మొగుడు కదా.

పార్లర్‌లో ఇప్పుడు కుర్చీలో కూర్చున్న ప్రతి ఆడపిల్లనూ గీతాంజలి డేటు గురించి అడుగుతుంది. ఇద్దరు ముగ్గురికి కోపమొచ్చి వేరే పార్లర్‌కు మారారు. ఏడుగురు డాక్టర్ దగ్గరికి వెళ్లారు. అందులో ముగ్గురికి ఈ జబ్బే, ఒకరికి థైరాయిడ్. మిగతా వాళ్లకు ఏమీ లేదు. "ఏం లేదంట ఆంటీ, ఊకెనే భయపెట్టినవ్" అని వాళ్లు దెబ్బలాడితే, "ఏం లేదంటే నాకు మిఠాయి ఇయ్యాలె గని తిడతరా?" అంటుంది. మిఠాయి తినకూడదని ఆ తర్వాత గుర్తుకొస్తుంది.

నడక ఇప్పుడు యాకుత్‌పురా స్టేషన్ దాకా. పొద్దున ఆరున్నరకు బయల్దేరి, ప్లాట్‌ఫారం ఆ చివరి దాకా వెళ్లి వెనక్కొస్తారు గీతాంజలి, అభిజ్ఞ, ఒక్కోరోజు రమాబాయి కూడా. మొన్న ఒకరోజు కొత్తగా వచ్చిన రైల్వే మనిషి వాళ్లను ఆపాడు.

"రోజూ చూస్తున్న. ఏ ట్రైన్‌కు వస్తరమ్మా మీరు? ఎక్కరు, దిగరు."

"ట్రైన్‌కు కాదు భాయ్, సన్నబడనీకి" అంది గీతాంజలి.

అతను ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఎన్ని రోజులైతుంది?"

"ఎనిమిది నెలలు."

అతను ఏదో అనబోయి, మర్యాద గుర్తొచ్చి ఊరుకున్నాడు. అభిజ్ఞ పక్కకు తిరిగి బెంచీ పట్టుకుని నవ్వింది. కడుపు పట్టుకుని, శ్వాస అందక, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. రమాబాయి "ఏయ్, చాలు" అంటూనే తనూ నవ్వింది. ఫలక్‌నుమా వైపు పోయే రైలు అప్పుడే వచ్చి ఆగింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. రైల్వే మనిషి పక్కకు తప్పుకుని చేత్తో దారి చూపించాడు. ముగ్గురూ ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచారు.